కోడిపిల్ల కూడా విత్తనమే

తోతాపురి ధర, టమాటా ధర, పాల ధర. మన పత్రికలో ఎక్కువగా చర్చకు వచ్చేవి ఇవే. ఈ నెల పెరటి కోడి గురించి రాస్తున్నాం. ఇంత చిన్న విషయానికి సంపాదకీయం ఎందుకని కొందరు సభ్యులు అనుకోవచ్చు. రెండెకరాల మెట్ట, రెండు పాడి పశువులు ఉన్న ఇంట్లో చెనక్కాయ పంట పోయిన ఏడాది ఉప్పూ పప్పూ ఎలా గడిచాయో ఆ ఇంటి ఆడవాళ్లను అడిగితే జవాబు దొరుకుతుంది. పాల బిల్లు వచ్చే రోజు దాకా ఆగాలి. మామిడి డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కోడి మాత్రం అవసరం పడిన పూటే డబ్బవుతుంది. పిల్లల ఫీజుకు, ఆస్పత్రికి, ఇంటికొచ్చిన చుట్టానికి రాగిసంగటిలోకి పులుసుకు, అన్నిటికీ అదే. ఆ డబ్బు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతికే వస్తుంది. వాళ్ల చేతిలోంచి ఇంటికే ఖర్చవుతుంది.

ఆ కోడి మన ఇంట్లో పుట్టడం మాత్రం తగ్గిపోతోంది. మన అవ్వల కాలంలో కోడిని కొనడమన్నది అరుదు. పెట్ట పొదుగుకు వస్తే గంపలో గుడ్లు పెట్టి కూర్చోబెట్టేవాళ్లు, పిల్లలు లేచేవి. ఇప్పుడు పిల్లలు మోటారు సైకిల్ మీద ప్లాస్టిక్ బుట్టల్లో ఊళ్లోకి వస్తున్నాయి. కొన్నిటికి పచ్చ, గులాబీ రంగులు కూడా పూసి ఉంటాయి. నాటు పిల్లలేనని చెప్పి అమ్ముతారు. చాలా సందర్భాల్లో అవి గుడ్ల కోళ్ల హేచరీల్లో పనికిరావని పక్కనపెట్టిన మగపిల్లలు. ఏ టీకా పడిందో, ఎన్ని రోజుల వయసో అమ్మేవాడూ చెప్పడు, కొనేవాళ్లూ అడగరు. వారం తిరిగేసరికి సగం చచ్చిపోతాయి. మళ్లీ బండి వస్తుంది, మళ్లీ కొంటాం.

విత్తనం విషయంలో మనకు జరిగిందే ఇక్కడా జరుగుతోంది. రాగులు, సజ్జలు, అలసందలు ఒకప్పుడు మన ఇంట్లోనే కుండల్లో బూడిద కలిపి దాచుకునేవాళ్లం. ఇప్పుడు ప్రతి పంటకూ విత్తన దుకాణం ముందు నిలబడుతున్నాం. కోడిపిల్ల కూడా విత్తనమే. అది మన చేతిలోంచి పోతే కోడి ధర, కోడి జాతి, కోడి ఆరోగ్యం ఏవీ మన చేతిలో ఉండవు. గుడ్డు పొదిగించడం, పిల్లను బతికించడం తెలిసిన రైతు కుటుంబాలు ప్రతి ఊళ్లో ఉండాలని, వాటికి కావలసిన టీకా, శిక్షణ ప్రభుత్వం ఇవ్వాలని మన సంఘం కోరుతోంది.

కోళ్ల జిల్లాలో పిల్లల కరువు

చిత్తూరు కోళ్ల పరిశ్రమకు పేరున్న ప్రాంతం. పశువైద్యుడు డాక్టర్ వి. సుందరనాయుడు నెలకొల్పిన బాలాజీ హేచరీస్ చిత్తూరు నుంచే ఎదిగింది. బి.వి. రావు చొరవతో 1982లో ఏర్పడిన నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ 'నా గుడ్డు, నా ధర, నా బతుకు' అనే నినాదంతో కోళ్ల రైతులను ఒక్కతాటి మీదికి తెచ్చింది. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. ఇంత చదువు, ఇంత పరిశ్రమ మన పక్కనే ఉన్నాయి.

హేచరీలకు మేం వ్యతిరేకం కాదు. గుడ్డు పేదవాడి పళ్లెంలోకి వచ్చిందంటే అందులో వాటి పాత్ర ఉంది. అయితే ఆ నినాదంలో ఉన్న 'నా' అన్న మాట నేటి చిన్న రైతుకు ఎంతవరకు వర్తిస్తుందో ఆలోచించాలి. ఒప్పందం మీద బ్రాయిలర్లు పెంచే రైతుది షెడ్డు, కరెంటు బిల్లు, రాత్రింబవళ్ల కాపలా. పిల్ల, దాణా, మందు కంపెనీవి. కోడి కూడా కంపెనీదే. రైతుకు దక్కేది కిలోకింత అని పెంపకం కూలి. ఇక పెరట్లో పెంచే ఇల్లాలికి ఆ ఒప్పందం కూడా లేదు. పిల్ల కావాలంటే రోడ్డు మీద వచ్చే బండే దిక్కు.

సొంతంగా పొదిగించుకునే ఇళ్లలో ఇంకో కష్టం. పది పిల్లలు లేస్తే అమ్మకానికి ఎదిగేవి నాలుగైదు కూడా ఉండవు. గద్ద, కాకి, పిల్లి, ముంగిస కొన్నిటిని తీసుకుపోతాయి. చలికి కొన్ని, విరేచనాలకు కొన్ని పోతాయి. మిగిలినవి కొక్కెర తెగులు వచ్చిన వారంలో తుడిచిపెట్టుకుపోతాయి. 'మాకు కోళ్లు అచ్చిరావు' అని చాలామంది వదిలేస్తారు. అచ్చిరాకపోవడం వెనక కారణాలన్నీ మనకు తెలిసినవే. ఒక్కొక్కటిగా చూద్దాం.

గుడ్డు దగ్గరే సగం పని

పిల్ల ఆరోగ్యం గుడ్డు పెట్టిన రోజే మొదలవుతుంది. పొదుగుకు పెట్టే గుడ్డు మరీ చిన్నదీ మరీ పెద్దదీ కాకూడదు. పగులు ఉండకూడదు. పెంకు పలచగా, గరుకుగా ఉన్నది పక్కన పెట్టాలి. ఎనిమిది పది పెట్టలకు ఒక మంచి పుంజు ఉంటే గుడ్లు చాలావరకు కట్టుతాయి. ఆ పుంజు అదే మంద పెట్టలకు పుట్టింది కాకుండా చూసుకోవాలి. ఏడాదికో రెండేళ్లకో పక్క ఊరి నుంచి పుంజును మార్చుకుంటే జబ్బుకు తట్టుకునే శక్తి తగ్గదు.

మురికి గుడ్డును నీళ్లతో కడగడం చాలామంది చేసే పని. కడిగితే పెంకు మీదున్న సన్నని పొర పోతుంది, సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. మరీ మురికైన గుడ్డు కూరకే.

మన ఎండలో గుడ్డు దాచడమే పెద్ద చిక్కు. గుడ్డు ఇరవై డిగ్రీల పైన వేడిలో ఉంటే లోపలి పిండం కొద్దికొద్దిగా ఎదగడం మొదలుపెడుతుంది. పూర్తి వేడి అందక మధ్యలోనే చస్తుంది. శ్రీకాళహస్తి, సత్యవేడు, నగరి వైపు ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో వారం రోజులు దాచిన గుడ్లు పొదిగినా పిల్లలు లేవకపోవడానికి కారణం ఇదే. ఇంట్లో అన్నిటికంటే చల్లని మూల, తడి ఇసుక పోసిన తొట్టిలో పెట్టిన కుండ, సన్న మొన కిందికి ఉండేలా గుడ్లు. వారం దాటనివ్వకూడదు. వేసవిలో మూడు నాలుగు రోజులకు మించితే ఆ గుడ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. పలమనేరు, కుప్పం మెట్టల్లో చల్లదనం ఎక్కువ కనుక అక్కడివాళ్లకు ఈ బాధ కొంత తక్కువ.

గంపా, పెట్టా

కరెంటు అక్కరలేని పొదుగు యంత్రం నాటు పెట్ట. వేడి, తేమ, గుడ్డు తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది. మనం చూడాల్సింది కొద్దిగానే ఉంది. పెట్ట సైజును బట్టి పది, పన్నెండు గుడ్లకు మించి పెట్టకూడదు. పదిహేను పెడితే అంచున ఉన్నవి చల్లబడతాయి, రోజుకో నాలుగు గుడ్లు అలా అంచుకు వచ్చి అన్నీ దెబ్బతింటాయి. గంపలో అడుగున ఇసుక గానీ బూడిద గానీ పోసి, దాని మీద వరిగడ్డి పరిచి, సాయంత్రం చీకటి పడ్డాక కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టే ముందు పేలు చూడాలి. పేలు పట్టిన పెట్ట పొదుగు మీద నిలవదు, నిలిచినా లేచిన పిల్లలకు పేలు అంటిస్తుంది. రోజుకొకసారి లేచి తిని, తాగి, మళ్లీ ఎక్కేలా గింజలు, నీళ్లు పక్కనే ఉండాలి.

ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తే సాలెగూడు లాంటి ఎర్రని నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉన్న గుడ్డు కట్టలేదని అర్థం. తీసేయాలి. పద్నాలుగో రోజు మళ్లీ చూడాలి. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు లేస్తాయి. ఒక పూట అటూ ఇటూ కావచ్చు. పెంకు పగలగొట్టుకుంటున్న పిల్లకు మనం గోళ్లతో సాయం చేస్తే రక్తనాళాలు తెగి చచ్చిపోతుంది. దాని పని దాన్నే చేసుకోనివ్వాలి.

ఇందులో లెక్క కూడా ఉంది. నాటు పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలుగా యాభై, అరవై గుడ్లు పెడుతుంది. పొదగడానికి మూడు వారాలు, పిల్లల వెంట తిరగడానికి రెండు మూడు నెలలు పోతాయి. పిల్లలను మొదట్లోనే వేరు చేసి మనమే వెచ్చగా పెంచితే పెట్ట త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది. ఏడాదికి ఒక విడత ఎక్కువ వచ్చినా నాలుగు పెట్టలున్న ఇంటికి అది చిన్న లాభం కాదు.

పెట్టెలో పొదిగించేవాళ్లకు

థర్మాకోల్ పెట్టెలు, చిన్న ఇంక్యుబేటర్లు ఇప్పుడు పల్లెల్లోకీ వచ్చాయి. యువకులు కొందరు వంద గుడ్ల యంత్రం కొని పిల్లలు అమ్ముతున్నారు. మంచిదే. అయితే యంత్రం మీద కనిపించే అంకెను నమ్మి మోసపోయినవాళ్లు చాలామంది. గుడ్లు పెట్టే ముందు ఒక రోజంతా ఖాళీగా నడిపి, వేరే థర్మామీటరుతో సరిచూసుకోవాలి. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు ఉండాలి. ఫ్యాను లేనిదైతే గుడ్ల పైభాగం ఎత్తులో ఇంకో డిగ్రీ దాకా ఎక్కువ కావాలి. తేమ మొదటి పద్దెనిమిది రోజులు 55 నుంచి 60 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం. గుడ్లను రోజుకు మూడు నుంచి ఐదు సార్లు తిప్పాలి, పద్దెనిమిదో రోజుతో ఆపేయాలి. ఆ తర్వాత మూత తీయకూడదు. చూడాలన్న ఆత్రంతో మూత తీస్తే తేమ పోయి, పెంకు లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది.

కరెంటు పోతే కంగారు పడక్కర్లేదు. మూత తీయకుండా పెట్టె మీద దుప్పటి కప్పితే గంటా రెండు గంటలు గుడ్లు తట్టుకుంటాయి. గుడ్డు చల్లబడటం కంటే ఎక్కువ వేడెక్కడమే ప్రమాదం. నలభై డిగ్రీలు కొన్ని గంటలు నిలిస్తే పిండాలు చచ్చిపోతాయి. అందుకే ఎండ పడే వరండాలో, రేకుల కింద యంత్రం పెట్టకూడదు.

మొదటి మూడు వారాలు

ఇక్కడే ఎక్కువ పిల్లలు చస్తాయి. కొత్తగా లేచిన పిల్లకు ఒంటి వేడి నిలుపుకునే శక్తి ఉండదు. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి. ఆ తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడి కిచకిచమంటుంటే చలి. రెక్కలు జారేసి, నోరు తెరిచి, దూరంగా పోయి పడుకుంటే వేడి. అంతటా పరుచుకుని తింటూ తిరుగుతుంటే సరిపోయినట్టు.

ఒక కొత్త చిక్కు ఈ మధ్య వచ్చింది. ఇళ్లలో పాత బల్బులు పోయి ఎల్ఈడీలు వచ్చాయి. ఎల్ఈడీ వెలుతురిస్తుంది గానీ పిల్లలకు చాలినంత వేడి ఇవ్వదు. బల్బు వెలుగుతోంది కదా అని నిద్రపోతే తెల్లారేసరికి పిల్లలు కుప్పగా పడి ఉంటాయి. పాత రకం 60 వాట్ల బల్బు దొరికితే పాతిక పిల్లలకు చాలుతుంది. దొరకకపోతే కోళ్ల సామాన్ల దుకాణంలో వేడి దీపం గానీ పింగాణీ హీటర్ గానీ అడగాలి. కరెంటు నమ్మకం లేని చోట బొగ్గుల కుంపటి వాడొచ్చు. పొగ బయటికి పోయే దారి తప్పనిసరి.

అట్టతో అడుగున్నర ఎత్తున గుండ్రంగా దడి కట్టాలి. మూలలుంటే పిల్లలు మూలల్లో కుప్పపడి ఊపిరాడక చస్తాయి. కింద వరి పొట్టు రెండంగుళాలు పోసి, మొదటి రెండు మూడు రోజులు పైన కాగితం పరవాలి. నీళ్ల గిన్నె లోతు తక్కువ ఉండాలి, గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు. లేచిన రోజు ముందు నీళ్లు, కొంచెం బెల్లం కలిపి. తర్వాత మేత. పొట్టలో మిగిలిన పచ్చసొనతో పిల్ల రెండు రోజులు గడపగలదు, అయినా ఎంత త్వరగా తింటే అంత బలం.

పొట్టు తడిస్తే ఆ రోజే మార్చాలి. తడి పొట్టులో రక్త విరేచనాల జబ్బు పెరుగుతుంది. రెక్కలు వేలాడేసి, రక్తం కలిసిన రెట్ట వేస్తున్న పిల్ల కనబడితే పశువైద్యుడిని అడిగి అదే రోజు మందు కలపాలి. రేపు చూద్దామంటే గంప ఖాళీ అవుతుంది.

మేత విషయంలో మన ప్రాంతం ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. నూకలు, రాగులు, మొక్కజొన్న రవ్వ బలమే గానీ వాటితో మాత్రమే పిల్ల ఎదగదు. మాంసకృత్తులు ఇరవై శాతం దాకా కావాలి. మొదటి నాలుగు వారాలు చిక్ మాష్ కొని పెట్టడం ఖర్చులా కనిపించినా బతికిన పిల్లల లెక్కలో తిరిగి వస్తుంది. కుండలో పేడ, గడ్డి కుక్కి బోర్లించి చెదలు పట్టించి పిల్లలకు వేయడం మన పెద్దల పద్ధతి. ఇప్పటికీ అది మంచిదే. చెనక్కాయ చెక్క మాత్రం వాసన చూసి వాడాలి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన చెనక్కాయ పిండిలో బూజు విషం బయటపడింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. వానలో తడిసి బూజు పట్టిన కాయలు మన ఇళ్లలో కొత్త కాదు. మనుషులు తినలేమని కోళ్లకు పోస్తాం. పిల్ల కాలేయం ఆ విషానికి తట్టుకోలేదు. బూజు పట్టినది కోడికి కూడా పనికిరాదు. అలాగే పులికాట్ వైపు నుంచి వచ్చే ఎండుచేపల పొడి మంచి మేతే, ఉప్పు ఎక్కువైతే అదే పిల్లలను చంపుతుంది.

కొక్కెర తెగులు: మందు ఉంది, మన దాకా రాదు

1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనబడినందున ఈ తెగులుకు మన దేశంలో ఆ పేరు నిలిచింది. పచ్చటి విరేచనాలు, మెడ తిరిగిపోవడం, నోరు తెరిచి ఊపిరి తీయడం దీని లక్షణాలు. వస్తే మందు లేదు. రాకుండా టీకా ఉంది. పెద్ద కోళ్లకు వేసే ఆర్‌2బి టీకా 1940లలో ముక్తేశ్వర్‌లో మన శాస్త్రవేత్తలు తయారు చేసిందే. ఎనభై ఏళ్లుగా టీకా ఉండి కూడా ఏటా మన పల్లెల్లో కోళ్లు గుట్టలుగా చస్తున్నాయంటే తప్పు టీకాది కాదు.

పిల్లలకు వేయాల్సిన వరుస ఇది. ఏడో రోజు లసోటా, కంట్లో ఒక చుక్క. పద్నాలుగో రోజు గంబోరో. ఇరవై ఎనిమిదో రోజు లసోటా మళ్లీ. ఆరో వారం అమ్మతల్లి టీకా. ఏడో వారం నట్టల మందు. ఎనిమిదో వారం ఆర్‌2బి సూది. టీకాను ఐసు మీదే తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, జబ్బుగా ఉన్న పిల్లకు వేయకూడదు.

ఇది తెలిసినా చేయలేకపోవడానికి కారణం సీసా. టీకా వందల డోసుల సీసాలో వస్తుంది. పన్నెండు పిల్లలున్న ఇల్లాలు సీసా కొంటే మిగతాదంతా పారబోయాలి. అందుకే ఎవరూ కొనరు. దీనికి మందు మన చేతిలోనే ఉంది. ఊళ్లో పది ఇళ్లు కలిసి ఒకే వారంలో గుడ్లు పొదుగు వేస్తే పిల్లలన్నీ ఒకే వారంలో లేస్తాయి. ఒకే రోజు ఒకే సీసాతో అన్నిటికీ చుక్క పడుతుంది. పొదుపు సంఘం ఒక్కటి పూనుకుంటే చాలు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తయారు చేసిన ఐ-2 అనే వేడికి తట్టుకునే టీకాను టాంజానియా, మొజాంబిక్ పల్లెల్లో శిక్షణ పొందిన ఊరివాళ్లే ఇంటింటికీ తిరిగి కంట్లో చుక్కలుగా వేస్తున్నారు. మనకంటే కరెంటు, రోడ్లు తక్కువున్న ఊళ్లలో జరిగిన పని మన దగ్గర జరగకపోవడానికి కారణమేమీ లేదు.

ఎప్పుడు పొదగెయ్యాలి

తిరుపతి, చిత్తూరు, కుప్పంలో గంగమ్మ జాతరలు వేసవిలో వస్తాయి. పుంజుకు మంచి ధర పలికే రోజులవి. నాటు పుంజు అమ్మకానికి రావాలంటే ఐదారు నెలలు పడుతుంది. అంటే మే నెలలో అమ్మాలంటే కార్తీకానికి పిల్లలు లేవాలి. కార్తీకమంటే మనకు ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను గుర్తున్నవాళ్లకు ఆ చలిలో పిల్లల్ని కాపాడటం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. మంచి ధర కావాలంటే ఆ మూడు వారాలు వేడి, పొడి పొట్టు సిద్ధం చేసుకోవాలి. అది కుదరని వాళ్లు సంక్రాంతి నుంచి శివరాత్రి మధ్య పిల్లలు లేచేలా చూసుకుంటే చావులు తక్కువ, ఖర్చు తక్కువ. ఆ పుంజులు వినాయక చవితి నాటికి చేతికొస్తాయి. ఎవరి ఇంటి వీలును బట్టి వాళ్లు ఎంచుకోవాలి.

ఏ జాతి

హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెరట్లో బాగానే పెరుగుతాయి. గ్రామప్రియ ఏడాదికి రెండొందల దాకా గుడ్లు పెడుతుంది. గుడ్ల కోసమే పెంచే ఇంటికి అవి మంచివి. అయితే అవి సంకర జాతులు. వాటి గుడ్లు పొదిగిస్తే తల్లి గుణం పిల్లలకు సరిగా రాదు. పొదుగుకు కూర్చునే గుణం కూడా వాటిలో బాగా తక్కువ. ప్రతిసారీ కొత్త పిల్లలు తెచ్చుకోవాల్సిందే. నాటు కోడి గుడ్లు తక్కువ పెట్టినా పొదుగుతుంది, గద్దను చూసి పిల్లలను రెక్కల కింద దాస్తుంది, సంతలో కిలోకు ఎక్కువ పలుకుతుంది. రెండూ పెంచుకోవచ్చు. నాటు మందను మాత్రం చెదరనివ్వకూడదు. పుంగనూరు ఆవును ఇంటింటా పోగొట్టుకున్నాక పలమనేరు పరిశోధన కేంద్రంలో కొన్నిటిని కాపాడుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఆ ఆవు ధర పేద రైతుకు అందనంత ఎత్తులో ఉంది. నాటు కోడికి ఆ గతి పట్టకూడదు.

బర్డ్ ఫ్లూ రోజుల్లో

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. మన జిల్లాల్లోనూ చికెన్ అమ్మకాలు పడిపోయాయి. ఇలాంటప్పుడు పెరటి కోళ్లను అనుమానంగా చూడటం, పెద్ద ఫారాలకు ముప్పు వాటివల్లేనని ప్రచారం చేయడం మామూలైంది. జాగ్రత్త అందరికీ ఒకటే. కొత్తగా తెచ్చిన కోడిని మూడు వారాలు వేరుగా ఉంచాలి. చెరువు దగ్గర వలస పక్షులు దిగే చోటికి కోళ్లను వదలకూడదు. చచ్చిన కోడిని కాలువలో పడేయకుండా సున్నం వేసి పూడ్చాలి. ఒకేసారి చాలా కోళ్లు చస్తే ఆ రోజే పశువుల ఆస్పత్రికి చెప్పాలి. తెగులు నిర్ధారణ అయ్యాక అధికారులు చంపించే కోళ్లకే పరిహారం వస్తుంది, అంతకుముందే చచ్చినవాటికి రాదు. దాచిపెడితే నష్టపోయేది మనమే.

మా కోర్కెలు

ఒకటి. ప్రతి రైతు సేవా కేంద్రంలో నెలకొక రోజును కోళ్ల టీకా దినంగా ప్రకటించాలి. గ్రామ పశుసంవర్ధక సహాయకుల దగ్గర ఐసుపెట్టె, లసోటా, ఆర్‌2బి ఎప్పుడూ ఉండాలి. తక్కువ డోసుల సీసాలు తెప్పించాలి. వేడికి తట్టుకునే టీకాను మన ఎండలో పరీక్షించి చూడాలి.

రెండు. జాతీయ పశుసంపద మిషన్ కింద పల్లె హేచరీకి పెట్టుబడిలో సగం, 25 లక్షల వరకు రాయితీ ఉంది. కానీ కనీసం వెయ్యి తల్లికోళ్లు ఉండాలన్నది నిబంధన. అంత మంద పెట్టగలిగేది డబ్బున్నవాళ్లే. యాభై, వంద కోళ్లతో పొదుపు సంఘాలు నడిపే చిన్న పొదుగు కేంద్రాలకు రాష్ట్ర ప్రభుత్వం వేరే పథకం తేవాలి.

మూడు. పెరటి కోళ్ల పథకాల్లో ఇచ్చే పిల్లలు నాలుగు వారాల వయసు నిండినవై ఉండాలి. వాటికి పడిన టీకాల చీటీ చేతికివ్వాలి. కాలం చూసి ఇవ్వాలి, నడి తుపానులోనో నడి ఎండలోనో పంచి లెక్క ముగించకూడదు.

నాలుగు. ఊళ్లలో తిరిగి అమ్మే పిల్లలు ఏ జాతివో, ఏ టీకా పడిందో చెప్పి అమ్మాలన్న నిబంధన ఉండాలి. పొట్టకోసం తిరిగే బండివాళ్ల మీద కేసులు పెట్టడం మా ఉద్దేశం కాదు. ఆ పిల్లలు ఎక్కడి నుంచి బయటికి వస్తున్నాయో అక్కడే లెక్క అడగాలి.

ఐదు. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం మన జిల్లాల నాటు కోళ్ల నుంచి మంచి మందలను ఎంపిక చేసి, వాటి పొదుగు గుడ్లను, పుంజులను రైతులకు అందించాలి. శిక్షణలు ఊళ్లలో, ఆడవాళ్లకు వీలైన వేళల్లో జరగాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఆగక్కర్లేదు. ప్రతి గ్రామ శాఖ ఈ నెలలో ఒక పని పెట్టుకోవాలి. ఊళ్లో పొదుగు పెట్టలున్న ఇళ్లు ఎన్నో రాసుకోండి. పది ఇళ్లను ఒప్పించి ఒకే వారంలో గుడ్లు వేయించండి. ఏడో రోజు టీకాకు పశుసంవర్ధక సహాయకుడికి ముందే చెప్పి తేదీ తీసుకోండి. ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని పిల్లలు లేచాయి, రెండు నెలలకు ఎన్ని మిగిలాయి అన్న మూడు లెక్కలు నోటు పుస్తకంలో రాసి మన కార్యాలయానికి పంపండి. టీకా పడిన ఊరికీ పడని ఊరికీ తేడా ఆ లెక్కల్లోనే కనబడుతుంది. కలెక్టరేట్ ముందు మనం పట్టుకెళ్లాల్సిన కాగితం అదే.